మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల శీతోష్ణస్థితి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల శీతోష్ణస్థితి ఆంధ్రప్రదేశ్‌లో విలక్షణమైనది. రాయలసీమ దక్షిణపు కొసన, కర్ణాటక, తమిళనాడు సరిహద్దులను ఆనుకొని ఉన్న ఈ ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 600 నుండి 750 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి. స్థానికులు దీనిని పడమటి మండలాలు అని వ్యవహరిస్తారు. ఎత్తు కారణంగా ఇక్కడ వేసవి కొంత మృదువుగాను, శీతాకాలం స్పష్టంగా చల్లగాను ఉంటాయి. అయితే చల్లదనం ఉన్నచోట వాన కూడా సమృద్ధిగా ఉంటుందనుకోవడం పొరపాటు. సగటు వార్షిక వర్షపాతం 700 మిల్లీమీటర్లకు అటూఇటూగా ఉండే ఈ ప్రాంతాన్ని అర్ధశుష్క మండలంగానే పరిగణించాలి. చల్లని గాలి, చాలీచాలని వాన అనే ఈ రెండు లక్షణాలే ఇక్కడి పంటలను, చెరువులను, వలసలను నిర్ణయిస్తున్నాయి.

ఒక ప్రదేశంలో ఒక రోజు లేదా కొన్ని రోజులపాటు ఉండే ఎండ, గాలి, వాన, తేమల పరిస్థితిని వాతావరణం అంటారు. అనేక సంవత్సరాల, సాధారణంగా ముప్ఫై సంవత్సరాల, వాతావరణ సగటు స్థితిని శీతోష్ణస్థితి అంటారు. నిత్యవ్యవహారంలో రెండింటికీ వాతావరణం అనే మాటనే వాడుతున్నప్పటికీ, విద్యార్థులు ఈ తేడాను గుర్తుంచుకోవడం అవసరం.

భౌగోళిక నేపథ్యం

ఈ ప్రాంతం ఉత్తర అక్షాంశం 12 డిగ్రీల 45 నిమిషాలకు, 13 డిగ్రీల 35 నిమిషాలకు నడుమ ఉన్నది. ఉత్తరాన మదనపల్లె, మధ్యలో పుంగనూరు, పలమనేరు, దక్షిణపు కొసన కుప్పం ఉన్నాయి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు కడప జిల్లా నుండి మదనపల్లె తాలూకాను, ఉత్తర ఆర్కాటు జిల్లా నుండి పుంగనూరు జమీను, కుప్పం ఉన్న కంగుంది జమీను మొదలైన వాటిని ఇందులో చేర్చారు. 2022లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళింది. పరిపాలనా సరిహద్దులు ఎన్నిసార్లు మారినా వాతావరణం విషయంలో ఈ మూడు ప్రాంతాలు ఒకే కుటుంబం. అందువలన ఈ వ్యాసంలో వాటిని కలిపి పరిశీలించడమైనది.

నైసర్గికంగా ఇది మైసూరు పీఠభూమికి తూర్పు అంచు. చిత్తూరు నుండి బెంగుళూరు వెళ్ళే రహదారిలో బంగారుపాళెం దాటిన తరువాత మొగిలి ఘాటు ఎక్కితే ఈ సంగతి కళ్ళకు కడుతుంది. కొద్ది కిలోమీటర్లలోనే దారి కొన్ని వందల మీటర్లు పైకి వెళుతుంది, గాలి మారుతుంది, మామిడి తోటలకు బదులు టమాట, మల్బరీ తోటలు ఎదురవుతాయి. తిరుపతి, చిత్తూరు ప్రాంతాలను దిగువ భాగంగాను, పలమనేరు మొదలు పడమటి వైపు అంతా ఎగువ భాగంగాను భావించవచ్చును.

నేలలు ఎక్కువగా ఎర్రనేలలు. వాటిలో ఇసుకపాలు ఎక్కువ, లోతు తక్కువ. అడుగున గట్టి రాయి ఉన్నది. కోస్తాలోని నల్లరేగడి వలె ఈ నేలలు తేమను చాలాకాలం పట్టి ఉంచలేవు. అందుచేత మొత్తం వర్షపాతం ఎంత అన్నదానికంటే రెండు వానల నడుమ ఎడం ఎన్ని రోజులు అన్నదే ఇక్కడ ముఖ్యమైన ప్రశ్న.

ఎత్తు, ఉష్ణోగ్రత

గాలి పైకి పోయిన కొద్దీ చల్లబడుతుంది. సగటున ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. తిరుపతి పట్టణం సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున, మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. ఈ 540 మీటర్ల తేడాకు లెక్క కడితే మూడున్నర డిగ్రీలు వస్తుంది. వేసవిలో ఈ రెండు పట్టణాల పగటి ఉష్ణోగ్రతలను పత్రికలలో పోల్చి చూస్తే తేడా ఇంచుమించు ఇంతే లేదా ఇంతకంటే కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది. పాఠ్యపుస్తకంలోని సూత్రాన్ని దినపత్రికతో సరిచూసుకోవడానికి ఇంతకంటే సులువైన మార్గం లేదు.

ఏప్రిల్, మే నెలలలో పగటి ఉష్ణోగ్రత సాధారణంగా 35 నుండి 38 డిగ్రీల మధ్య ఉంటుంది. కొన్ని రోజులలో 40 డిగ్రీలను తాకుతుంది. రాత్రిళ్ళు మాత్రం త్వరగా చల్లబడతాయి. డిసెంబరు, జనవరి నెలలలో పగలు 26 నుండి 28 డిగ్రీలు, రాత్రి 15 డిగ్రీల చుట్టూ ఉంటుంది. కొన్ని రాత్రులు అంతకంటే బాగా దిగువకు పోతుంది. పగటికి, రాత్రికి నడుమ తేడా ఎక్కువగా ఉండటం సముద్రానికి దూరంగా ఉన్న పీఠభూముల సహజ లక్షణం.

ఈ చల్లదనం గత శతాబ్దపు చరిత్రలో తన ముద్ర వేసింది. క్షయవ్యాధికి మందు లేని రోజులలో పరిశుభ్రమైన పొడి గాలి, విశ్రాంతి, మంచి ఆహారం మాత్రమే చికిత్సగా ఉండేవి. మదనపల్లె సమీపంలో క్షయ రోగుల కోసం యూనియన్ మిషన్ శానటోరియం 1915లో ప్రారంభమైనది. డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాని తొలి సూపరింటెండెంటు. అది వెలసిన చోటికి ఆరోగ్యవరం అని పేరు వచ్చింది. 1940వ దశకంలో స్ట్రెప్టోమైసిన్ మందు కనుగొనబడిన తరువాత గాలి చికిత్స ప్రాధాన్యం తగ్గింది గాని, ఆరోగ్యవరం పేరు వాతావరణ శాస్త్రంలో నిలిచిపోయింది. భారత వాతావరణ శాఖ పరిశీలన కేంద్రం అక్కడ ఉండటం వలన వర్షపాతం, ఉష్ణోగ్రతల పట్టికలలో ఈ ప్రాంతం మదనపల్లె అని గాక ఆరోగ్యవరం అనే పేరుతోనే కనిపిస్తుంది. రేడియోలో వాతావరణ వార్తలు వినే చాలామందికి ఆ ఊరు ఎక్కడున్నదో తెలియకపోయినా పేరు మాత్రం పరిచయమే.

మదనపల్లెకు సమీపంలోని హార్స్‌లీ కొండ ఇంకా చల్లనిది. సముద్రమట్టానికి 1,250 మీటర్లకు పైగా ఎత్తున్న ఈ కొండకు అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. పందొమ్మిదవ శతాబ్దంలో కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యు.డి. హార్స్‌లీ ఇక్కడ వేసవి విడిది కట్టించుకొనడంతో ఆయన పేరు స్థిరపడింది. మదనపల్లెలో కంటే కొండపైన మరో మూడు డిగ్రీలు తక్కువగా ఉంటుంది. దీనిని ఆంధ్రా ఊటీ అనడం పరిపాటి. వాతావరణ దృష్ట్యా ఆ పోలిక సగమే నిజం. పడమటి కనుమల భాగమైన ఊటీకి నైరుతి ఋతుపవనాల వాన పుష్కలంగా అందుతుంది. ఏనుగు మల్లమ్మ కొండకు చల్లదనమే గాని ఆ అదృష్టం లేదు.

వాన ఎందుకు తక్కువ

నైరుతి ఋతుపవనాలు అరేబియా సముద్రం నుండి తేమను మోసుకొని జూన్ నెలలో కేరళను తాకుతాయి. పడమటి కనుమలను ఎక్కేటప్పుడు గాలి చల్లబడి తేమలో అధికభాగం అక్కడే వానగా కురిసిపోతుంది. కనుమలు దాటి తూర్పువైపు దిగిన గాలి వేడెక్కి పొడిబారుతుంది. ఇలా కొండల చాటున వాన తగ్గిన ప్రదేశాన్ని వర్షచ్ఛాయా ప్రాంతం అంటారు. పడమటి మండలాలు ఈ ఛాయలోనే ఉన్నాయి.

అక్టోబరు నుండి డిసెంబరు వరకు వీచే ఈశాన్య ఋతుపవనాలు బంగాళాఖాతం నుండి తేమను తెస్తాయి. ఇవి తూర్పు నుండి వస్తాయి. వీటికి ముందుగా ఎదురయ్యేది సత్యవేడు, శ్రీకాళహస్తి వైపు మైదానం, ఆ తరువాత శేషాచలం కొండలు, ఘాటు అంచు. అక్కడ కొంత వాన కురిసిన తరువాత మిగిలినదే పీఠభూమిపైకి చేరుతుంది. ఉమ్మడి చిత్తూరు జిల్లా సగటు వర్షపాతం 900 మిల్లీమీటర్లకు పైగా ఉండటానికి కారణం ఈ తూర్పు మండలాలే. జిల్లా సగటును చూసి పడమటి మండలాలలో కూడా అంత వాన పడుతుందనుకోకూడదు. నైరుతికి వెనుకవైపున, ఈశాన్యానికి కూడా వెనుకవైపున ఉండటం ఈ ప్రాంతపు భౌగోళిక దురదృష్టం.

అయినా రెండు ఋతుపవనాలూ కొంతకొంత వాన ఇస్తాయి గనుక ఒకటి తప్పినా మరొకటి ఆదుకొనే అవకాశం ఉన్నది. పసిఫిక్ మహాసముద్రంలో ఎల్‌నినో ఏర్పడిన సంవత్సరాలలో నైరుతి బలహీనపడే ధోరణి, ఈశాన్యం బలపడే ధోరణి కనిపిస్తాయి. 2015 దీనికి మంచి ఉదాహరణ. ఆ ఏడు దేశవ్యాప్తంగా నైరుతి వర్షపాతం 14 శాతం తగ్గింది. అదే సంవత్సరం నవంబరులో చిత్తూరు, నెల్లూరు జిల్లాలలో కుండపోత వానలు కురిసి చెరువులు తెగాయి. కాని రైతు జూలైలో వేసిన పైరుకు నవంబరు వాన పనికిరాదు. మొత్తం లెక్కలో సగటు కంటే ఎక్కువ వర్షం పడిన సంవత్సరంలో కూడా పంట ఎండిపోవడం ఇందువల్లనే జరుగుతుంది.

వానను కొలిచే పద్ధతి గురించి ఒక మాట. ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక చదరపు మీటరు నేలపై ఒక లీటరు నీరు. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. ఏడాదికి 700 మిల్లీమీటర్లు పడితే ఎకరానికి 28 లక్షల లీటర్లకు పైగా నీరు ఆకాశం నుండి వచ్చినట్లు. వినడానికి ఇది చాలా ఎక్కువ. కాని ఎండకు, గాలికి నేల నుండి, మొక్కల నుండి ఆవిరి కాగల నీరు వానకు రెండింతల పైమాటే. అర్ధశుష్క మండలం అనే మాటకు అర్థం ఈ లోటే.

ఋతుక్రమం

ఫిబ్రవరి చివరి నుండి ఎండ ముదురుతుంది. మార్చి పూర్తిగా పొడి నెల. ఏప్రిల్ రెండవ సగం నుండి మధ్యాహ్నం తరువాత మేఘాలు కమ్ముకొని, గాలిదుమారంతో, ఉరుములు మెరుపులతో వాన కురవడం మొదలవుతుంది. నేల బాగా వేడెక్కి గాలి పైకి లేవడం వలన ఏర్పడే స్థానిక వానలివి. ఒక ఊరిలో వీధులు పారుతుండగా పక్క ఊరిలో దుమ్ము లేస్తూ ఉంటుంది. ఈ వానలను రాయలసీమ రైతులు ముంగారు వానలంటారు. దుక్కికి ఇవి ప్రాణం. మామిడికి, టమాటకు మాత్రం ఒక్కొక్కప్పుడు యముడే. అరగంట వడగళ్ళ వానకు కాయలన్నీ దెబ్బతిని మార్కెట్టుకు పనికిరాకుండా పోతాయి. దక్షిణాన బెంగుళూరు, కోలారు వైపు వలె కుప్పంలో కూడా ఈ మే నెల వానలు చెప్పుకోదగినంతగా ఉంటాయి.

జూన్ నెలలో నైరుతి వచ్చిందని పత్రికలు ప్రకటిస్తాయి. ఇక్కడ వచ్చేది ప్రధానంగా గాలి. ఆషాఢమాసపు గాలి పడమటి నుండి రోజంతా హోరుమని వీస్తుంది. మబ్బులు తెల్లగా పరుగెత్తుతాయి గాని నిలబడి కురవవు. ఎండ తగ్గి పగటి ఉష్ణోగ్రత 30 నుండి 33 డిగ్రీలకు దిగుతుంది. అప్పుడప్పుడు సన్నని తుంపర పడుతుంది. మనిషికి హాయిగా ఉండే ఈ రెండు నెలలూ రైతుకు ఎంత ఆందోళనకరమో బయటివారు గ్రహించడం కష్టం. గాలికి నేలలోని తేమ ఆరిపోతూ ఉంటుంది, పైన మబ్బు ఊరిస్తూ ఉంటుంది.

ఆగస్టు రెండవ సగం నుండి గాలి నెమ్మదించి పరిస్థితి మారుతుంది. సాయంత్రం, రాత్రి వేళలలో ఉరుములతో మంచి వానలు కురుస్తాయి. సెప్టెంబరు, అక్టోబరు ఈ ప్రాంతానికి అసలైన వర్షాకాలం. నైరుతి వెనుదిరిగే సమయం, ఈశాన్యం మొదలయ్యే సమయం కలిసిన ఈ రెండు నెలలలోనే చెరువులకు నీరు చేరుతుంది. నవంబరులో బంగాళాఖాతపు వాయుగుండాలను బట్టి వాన ఉంటుంది. తీరం దాటిన తుఫాను చెన్నై, పుదుచ్చేరి ప్రాంతాల నుండి వాయవ్య దిశగా కదిలితే పడమటి మండలాలకు రెండు మూడు రోజుల ముసురు పడుతుంది. 2020 నవంబరులో పుదుచ్చేరి వద్ద తీరం దాటిన నివర్ తుఫాను, 2022 డిసెంబరులో మహాబలిపురం వద్ద తీరం దాటిన మాండూస్ తుఫాను ఇటువంటివి.

డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు చలికాలం. తెల్లవారుజామున పొగమంచు కమ్ముతుంది, చేలపై మంచు బిందువులు నిలుస్తాయి. వాన లేని ఈ కాలంలో ఉలవ, అనప వంటి పైర్లు మిగిలిన తేమతోనూ, మంచుతోనూ నెట్టుకువస్తాయి. మంచు పడితేనే అనపకాయకు రుచి వస్తుందని ఇక్కడివారి నమ్మకం. సంక్రాంతి రోజులలో అనపగింజలను నానబెట్టి, తొక్క పితికి చేసే పితికిపప్పు ఈ సీమకు ప్రత్యేకమైన వంట. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు మదనపల్లె థియొసాఫికల్ కళాశాలలో కొన్నాళ్ళు ఉండి జనగణమన గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించారు. ఆయన ఇక్కడ గడిపినది ఏడాదిలోకెల్లా ఆహ్లాదకరమైన వారాలలోనే.

కార్తెలు

రైతులు వానను ఇంగ్లీషు నెలలతో గాక కార్తెలతో లెక్కిస్తారు. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే సుమారు పదమూడున్నర రోజుల కాలం ఒక కార్తె. ఇరవైయేడు కార్తెలు కలిస్తే ఒక సంవత్సరం. చాంద్రమాన మాసాలు అధికమాసాల వలన ముందువెనుకలవుతూ ఉంటాయి. కార్తెలు సూర్యగతిని అనుసరించేవి గనుక ప్రతి ఏటా ఇంచుమించు అవే తేదీలలో వస్తాయి. మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో, ఉత్తర సెప్టెంబరు 13 ప్రాంతంలో, స్వాతి అక్టోబరు 24 ప్రాంతంలో ప్రవేశిస్తాయి. వ్యవసాయానికి ఇంతకంటే అనువైన పంచాంగం మరొకటి లేదనడం అతిశయోక్తి కాదు. అయితే భూమి అక్షం నెమ్మదిగా తిరగడం వలన నక్షత్రాలకు, ఋతువులకు నడుమ సుమారు 72 సంవత్సరాలకు ఒక రోజు తేడా వస్తుంది. వెయ్యేళ్ళలో అది ఒక కార్తె మేర అవుతుంది.

కార్తెల సామెతలను కూడా ప్రాంతాన్ని బట్టి అర్థం చేసుకోవాలి. రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయన్న మాట కోస్తాకు చక్కగా సరిపోతుంది. మే 25 ప్రాంతంలో రోహిణి ప్రవేశించే నాటికి పడమటి మండలాలలో ముంగారు వానలు పడి ఎండ తీవ్రత తగ్గుముఖం పడుతుంది. ఇక్కడ రోళ్ళు పగలవలసి వస్తే భరణి, కృత్తిక కార్తెలలోనే పగలాలి. దీనికి భిన్నంగా "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్న సామెత ఈ నేలకు అక్షరాలా వర్తిస్తుంది. ఉత్తర కార్తెలో కూడా వాన రాకపోతే ఇక ఈ ఏటికి పంట లేనట్లే, గంప నెత్తికెత్తుకొని బ్రతుకుతెరువుకు బయలుదేరమని దాని భావం. సెప్టెంబరు వానలే ఇక్కడ ఆధారమన్న సంగతిని ఏ గణాంకాల పట్టికా ఇంత క్లుప్తంగా చెప్పలేదు. గంప ఎత్తినవారు ఈ రోజులలో చేరేది ఎక్కువగా బెంగుళూరుకు.

పంటలపై ప్రభావం

వర్షాధారపు పంటలలో వేరుశనగ ముఖ్యమైనది. పునర్వసు, పుష్యమి కార్తెలలో, అంటే జూలై నెలలో విత్తుతారు. విత్తనం మొలవడానికి ఒక పదును చాలు. మొక్కకు పూత వచ్చి ఊడలు నేలలోకి దిగే దశలో నేల మెత్తగా ఉండాలి. ఆ దశ ఆగస్టు, సెప్టెంబరులలో వస్తుంది. అప్పుడు మూడు వారాలు వాన ఎడం ఇస్తే ఎర్రనేల గట్టిపడి ఊడ దిగదు, దిగినా కాయ ఊరదు. తీరా కోతకు వచ్చిన నవంబరులో తుఫాను ముసురు పట్టుకుంటే పీకిన కట్టె కుళ్ళుతుంది, కాయ మొలకెత్తుతుంది. ఒకే పంటకు ఒకే ఏడాదిలో కరువు, అతివృష్టి రెండూ తగలడం ఇక్కడ అరుదు కాదు. వేరుశనగ విత్తే అదను కూడా తప్పితే చివరి ఆశగా ఉలవ చల్లుతారు. రాగి మాత్రం వాన ఆలస్యాన్ని కొంతవరకు ఓర్చుకుంటుంది. సంగటి ఈ సీమ ముఖ్యాహారం కావడానికి అదే మూలం.

టమాట కథ వేరు. దీనికి వాన కంటే చల్లని రాత్రులు ముఖ్యం. రాత్రి ఉష్ణోగ్రత 15 నుండి 20 డిగ్రీల మధ్య ఉంటే టమాటలో పూత బాగా నిలిచి పిందె కడుతుంది. పగలు 38 డిగ్రీలు దాటినా, రాత్రులు ఉక్కగా ఉన్నా పుప్పొడి చెడి పూత రాలిపోతుంది. అందుచేత వేసవిలో మైదాన ప్రాంతాలలో టమాట దిగుబడి పడిపోతుంది. అదే సమయంలో పడమటి మండలాలలోనూ, పక్కనున్న కోలారు ప్రాంతంలోనూ బోరు నీటితో సాగు సాధ్యమవుతుంది. వేసవి నుండి ఆగస్టు వరకు మదనపల్లె మార్కెట్టు యార్డు దేశంలోని పెద్ద టమాట మార్కెట్లలో ఒకటిగా నిలవడానికి కారణం వ్యాపార నైపుణ్యం కొంత, 700 మీటర్ల ఎత్తు చాలా.

ఈ లాభం కూడా వాతావరణం దయ మీదనే ఆధారపడినది. 2023లో ఎండల తీవ్రత, తెగుళ్ళు, ఉత్తరాది రాష్ట్రాలలో భారీ వర్షాల వలన సరఫరా తగ్గి జూలై చివరలో మదనపల్లెలో మేలురకం టమాట కిలో ధర 200 రూపాయల దరిదాపులకు చేరింది. అన్ని ప్రాంతాల పంట ఒక్కసారిగా మార్కెట్టుకు రావడంతో రెండు నెలలు తిరగకుండానే ధర కుప్పకూలింది. మబ్బు, చల్లదనం, తేమ కలిసిన రోజులలో వచ్చే ఆకుమాడు తెగులు మరొక బెడద.

పట్టుపురుగుల పెంపకం ఈ ప్రాంతంలో వ్యాపించడానికి కూడా ఉష్ణోగ్రతే కారణం. పురుగులకు 24 నుండి 28 డిగ్రీల వేడి, తగినంత తేమ కావాలి. ఏడాదిలో ఎక్కువ నెలలు అది సహజంగానే లభిస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలలలో షెడ్లకు తడి గోనెపట్టలు కట్టి చల్లబరచుకొంటారు. ఇక పుంగనూరు పొట్టి జాతి ఆవు సంగతి అందరికీ తెలిసినదే. తక్కువ మేతతో, ఎండు గడ్డితో బ్రతికి పాలివ్వగల ఈ జాతి ఇటువంటి మెట్ట వాతావరణంలో రూపొందినది.

కరువులు, వరదలు

1876-78 నాటి మహాక్షామం మద్రాసు రాజధానిలో లక్షలాది ప్రజలను బలిగొన్నది. అది ధాత నామ సంవత్సరంలో మొదలైనందున ధాత కరువు అన్న పేరు జనం నోట నిలిచింది. అప్పుడు ఈ ప్రాంతం కడప, ఉత్తర ఆర్కాటు జిల్లాల భాగంగా ఉండి ఆ కరువును పూర్తిగా చవిచూసింది. ఇటీవలి కాలంలో 2002, 2009 సంవత్సరాలు దేశమంతటా వర్షాభావ సంవత్సరాలు. నైరుతి వర్షపాతం ఆ రెండేళ్ళలో వరుసగా 19, 22 శాతం తగ్గింది. ఇప్పుడు కరువు వస్తే ఆకలి చావులు లేవు. రైలు, లారీ ధాన్యం తెస్తాయి, చౌకధరల దుకాణం ఉన్నది. నేటి కరువు ఎండిన బోరు రూపంలో, వడ్డీ రూపంలో, పశువుల సంత రూపంలో కనిపిస్తుంది.

వరద విషయంలో ఒక విచిత్రం ఉన్నది. పీఠభూమిపై పడిన వాన ఇక్కడ నిలవదు, వాలు వెంట దిగువకు పోతుంది. మదనపల్లె మీదుగా పారే బాహుదా నది దిగువన పింఛా నదితో కలిసి చెయ్యేరుగా మారి కడప వైపు సాగుతుంది. 2021 నవంబరు 19 వేకువన ఒక వాయుగుండం చెన్నై సమీపంలో తీరం దాటినపుడు రాయలసీమ దక్షిణ భాగమంతటా అతిభారీ వర్షం కురిసింది. వరద ఉధృతికి పింఛా ఆనకట్ట, ఆ వెంటనే చెయ్యేరుపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి రాజంపేట ప్రాంతపు గ్రామాలు కొట్టుకుపోయాయి. పదుల సంఖ్యలో ప్రాణనష్టం జరిగింది. అదే వానకు పలమనేరు వద్ద ఏడాదిలో చాలాకాలం ఎండి ఉండే కౌండిన్య నది పొంగింది. ఏళ్ళ తరబడి నీరు చూడని వాగు పక్కన ఇల్లు కట్టుకొన్నవారికి వాగు తన దారిని మరచిపోదన్న సంగతి ఇటువంటి రోజున తెలుస్తుంది.

వాతావరణ మార్పుపై ప్రభుత్వాంతర బృందం 2021లో వెలువరించిన నివేదిక ప్రకారం ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే గాలి సుమారు 7 శాతం అధికంగా తేమను పట్టి ఉంచగలదు. దాని వలన భారీ వర్షాల తీవ్రత పెరుగుతుంది. మొత్తం వానలో మార్పు లేకపోయినా అది తక్కువ రోజులలో, పెద్ద మోతాదులో కురిస్తే ఎర్రనేలల మెట్ట ప్రాంతానికి మేలు కంటే కీడే ఎక్కువ. మట్టి కొట్టుకుపోతుంది, నీరు భూమిలోకి ఇంకే వ్యవధి ఉండదు.

చెరువులు, బోర్లు, కాలువ

ఒకప్పటి ఏలికలు, గ్రామస్థులు ఈ చిక్కును బాగా గుర్తించారు. కొద్ది రోజులలో పడే వానను ఏడాది పొడవునా వాడుకొనడానికి చెరువులు తవ్వించారు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో చిన్నవి, పెద్దవి కలిపి వేలాది చెరువులున్నాయి. ఇవి గొలుసుకట్టు చెరువులు. ఎగువ చెరువు నిండి మరవ పారితే ఆ నీరు దిగువ చెరువుకు చేరుతుంది. చెరువు కింద వరి పండటం ఒక్కటే దాని ప్రయోజనం కాదు. చుట్టుపక్కల బావులలో ఊట నిలవడానికి కూడా చెరువే ఆధారం. వంకలలో ఆక్రమణలు, పూడిక పెరిగి అనేక చెరువులు ఇప్పుడు మంచి వానలకు కూడా నిండటం లేదు.

చెరువు స్థానాన్ని బోరు ఆక్రమించింది. గట్టి రాతి నేలలో నీరు పగుళ్ళలో మాత్రమే ఉంటుంది. ఒకరి బోరులో నీరు పడి పది గజాల దూరంలో మరొకరికి పడకపోవడానికి ఇదే కారణం. వెయ్యి అడుగులు దాటి తవ్విన బోర్లు కూడా ఈ ప్రాంతంలో ఉన్నాయి. అంత లోతునున్న నీరు ఒక ఏడాది వానతో భర్తీ అయ్యేది కాదు. చల్లని రాత్రుల వలన టమాట, మల్బరీ లాభసాటి అయ్యాయి. వాటికి ఏడాది పొడవునా నీరు కావాలి గనుక బోర్లు పెరిగాయి. ఈ సీమకు ఎత్తు ఇచ్చిన వరమే భూగర్భజలానికి భారమైనదని చెప్పవలసి ఉంటుంది. బిందుసేద్యం విస్తరించిన తరువాత ఎకరానికి వాడే నీరు తగ్గింది, సాగయ్యే ఎకరాలు పెరిగాయి.

కుప్పం వద్ద పాలారు నది ప్రవహిస్తున్నది. కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో పుట్టి, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 33 కిలోమీటర్లు సాగి తమిళనాడులో ప్రవేశిస్తుంది. పేరుకు నది అయినా ఏడాదిలో అధికభాగం ఇసుకే కనిపిస్తుంది. దీనిపై చెక్ డ్యాముల విషయంలో తమిళనాడుతో వివాదం చాలాకాలంగా నడుస్తున్నది. ఎండిన నదికి వ్యాజ్యమేమిటని నవ్వుకొనేవారున్నారు గాని, నాలుగు రోజుల వరద నీరే ఏడాది ఆధారమైన చోట ఆ నాలుగు రోజుల నీటి కోసం తగవు పడటం సహజం.

వాన ద్వారా రాని నీటిని కాలువ ద్వారా తెచ్చే ప్రయత్నం హంద్రీ నీవా సుజల స్రవంతి పథకం. శ్రీశైలం జలాశయం నుండి కృష్ణా నీటిని అనేక దశలలో పంపులతో ఎత్తి, అనంతపురం మీదుగా పుంగనూరు ఉపకాలువకు, అక్కడి నుండి కుప్పం ఉపకాలువకు చేరుస్తారు. 2025 ఆగస్టులో ఈ నీరు కుప్పం మండలంలోని పరమసముద్రం చెరువుకు చేరింది. వందల కిలోమీటర్ల దూరం నుండి, వందల మీటర్ల ఎత్తుకు నీటిని తోడడానికి విద్యుత్ ఖర్చు అధికం. పైగా శ్రీశైలంలోకి వరద వచ్చేది పడమటి కనుమలలో నైరుతి బాగా కురిసిన ఏడాదిలోనే. ఆషాఢపు గాలితో పాటు కొండల అవతలే నిలిచిపోయిన వాన కృష్ణలో పడి, కాలువ దారిన చుట్టు తిరిగి, నెలల తరువాత కుప్పం చెరువుకు చేరుతున్నది.